పల్లె విచారణలో దైవ కరుణ ఆదివారం: నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్తాను, 5కి 4.5. అర మార్కు ఎందుకు తగ్గించానో కింద రాశాను. కానీ అది చూసి ఎవరూ వెనకాడొద్దు, ఎందుకంటే పాస్కా (ఈస్టర్) తర్వాతి ఆదివారాన్ని, అంటే దైవ కరుణ ఆదివారాన్ని, ఇంత మనసుపెట్టి జరుపుకున్న విచారణను (ఒక ఫాదర్ గారి కింద ఉండే కథోలిక సంఘాన్ని) మన వైపు నేను ఇంకోటి చూడలేదు.

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డులో ఫిరంగిపురం దాటాక లోపలికి తిరిగితే వచ్చే ఊరు ఇది, మా పిన్ని వాళ్ల ఊరు. పేరు రాయడం లేదు. ఊళ్లోవాళ్ల మధ్య ఉన్న కొన్ని సున్నితమైన సంగతులు కూడా ఇందులో చెప్పాలి, ఆ మాటలు వాళ్లకు ఇబ్బంది కాకూడదు. ఈ ఏడాది (2026) పాస్కా ఏప్రిల్ 5న వచ్చింది కాబట్టి దైవ కరుణ ఆదివారం 12న పడింది.

మన దగ్గర మామూలుగా ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పాస్కాకు ముందు తపస్కాలం నలభై రోజులూ సిలువ మార్గాలు, ఉపవాసాలు, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఊరంతా గుడిలోనే, శనివారం రాత్రి జాగరణకు నిలబడడానికి కూడా చోటుండదు, ఆ తర్వాతి ఆదివారానికి సగం చాపలు ఖాళీ. పాస్కా కాలం అంటే పెంతెకోస్తు (పవిత్రాత్మ దిగివచ్చిన పండుగ) దాకా 50 రోజుల పండుగ అని జ్ఞానోపదేశం క్లాసులో చదువుకున్నవాళ్లమే, అయినా శ్రమలకు ఇచ్చినంత టైము సంతోషానికి ఇవ్వం. ఈ విచారణ ఇచ్చింది, అందుకే నాకు నచ్చింది.

వీళ్లు పండుగను ఒక్కరోజు ప్రోగ్రాంగా పెట్టుకోలేదు. పవిత్ర శుక్రవారం నుంచే నవదిన ప్రార్థనలు మొదలుపెట్టారు, రోజుకొక వీధిలో ఒక ఇంటి ముందు సాయంత్రం చాపలు వేసుకుని. ఈ నవదినాల్లో ఒక్కో రోజు ఒక్కో రకం మనుషుల కోసం ప్రార్థిస్తారు: మొదటి రోజు పాపుల కోసం, రెండో రోజు గురువుల (ఫాదర్ల) కోసం, మఠవాసుల కోసం, ఎనిమిదో రోజు ఉత్తరించు స్థలంలో (మోక్షానికి ముందు శుద్ధి పొందే చోట) ఉన్న ఆత్మల కోసం, ఆఖరి రోజు భక్తి చల్లబడిపోయినవాళ్ల కోసం. ఆఖరి రోజు ప్రార్థనను చాలా ఏళ్లుగా గుడి మెట్లెక్కని ఒకాయన ఇంటి ముందు పెట్టారట. ఆయనే అడిగాడని పిన్ని చెప్పింది. నేను వెళ్లేసరికి అది అయిపోవస్తోంది, ఆయన వచ్చినవాళ్లందరికీ మజ్జిగ పోస్తున్నాడు.

శనివారం సాయంత్రం పాప సంకీర్తనాలు, అంటే గురువు దగ్గర పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందడం. పక్క విచారణల నుంచి నలుగురు గురువులను పిలిపించారు, ఇది చాలా మంచి పని. ఊరి ఫాదర్ గారికి అందరి గొంతులూ తెలుసు, ఇళ్లూ తెలుసు, అందుకే చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, నోటిదాకా వచ్చిన మాటను మింగేసి మామూలు పాపాలు నాలుగు చెప్పి లేచి వచ్చేస్తారు. తెలియని గురువు ఎదురుగా ఉంటే ఆ బెరుకు తగ్గుతుంది. గుడి ఆవరణలో వేపచెట్ల కింద దూరం దూరంగా కుర్చీలు వేశారు, మోకరించలేని పెద్దవాళ్లకు ఎదురుగా ఇంకో కుర్చీ. లైను దగ్గర ఒక సిస్టర్ గారు నిలబడి ఎవరినీ మరీ దగ్గరికి పోనివ్వలేదు, లోపలి మాట బయటికి వినపడకుండా. మిరప కల్లాల్లో పని ముగించుకుని చేతులు కడుక్కుని నేరుగా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. రాత్రి తొమ్మిది దాటినా గురువులు లేవలేదు, ఒక్కరిని కూడా రేపు రమ్మనలేదు. నేను టెన్షన్‌తో వెళ్లి తేలికపడి వచ్చాను, అంతకంటే రాయక్కర్లేదు.

ఆదివారం పూజ (మాస్) ఎండ ముదరకముందే, ఏడింటికి. పాస్కా ఒత్తి (పెద్ద కొవ్వొత్తి) పీఠం పక్కన, దానికి కట్టిన మల్లెలు తాజాగా ఉన్నాయి, అంటే వారం నుంచీ రోజూ మారుస్తున్నారన్నమాట. ఈ ఏడాది మొదటి పఠనం అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయం: విశ్వాసులు అన్నీ ఉమ్మడిగా పెట్టుకుని, అవసరాన్ని బట్టి పంచుకుని, ఇంటింటా రొట్టె విరిచి సంతోషంగా తిన్నారనే భాగం. కీర్తన ఈ ఆదివారానికి ఏటా వచ్చే 118వదే, ప్రభువు మంచివాడు, ఆయనకు కృతజ్ఞతలు చెప్పండి, ఆయన కృప ఎప్పటికీ ఉంటుంది అని. కృప, కృతజ్ఞత రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి, ఈ విచారణ రోజంతా ఆ వాక్యం మీదే నడిచింది. గాయక బృందం దాన్ని జనం అందుకునేంత తేలికైన రాగంలో పాడించింది, కీబోర్డు గొంతుల మీదకు ఎక్కలేదు, తబలా సరిపడా ఉంది. పెద్ద పండుగ అనగానే ఎవరికీ రాని కొత్త పాటలు పట్టుకొచ్చి జనాన్ని శ్రోతల్ని చేసే బృందాలు ఎక్కువయ్యాయి, వీళ్లు ఆ పని చేయలేదు.

సువిశేష పఠనం యేసు శిష్యుడు తోమాది, యోహాను 20వ అధ్యాయం. ఫాదర్ గారి ప్రసంగం పావుగంట దాటలేదు. అనుమానించకూడదు అనే పాత దారిలో వెళ్లకుండా ఆయన వేరే చోట ఆగారు. ప్రభువు పునరుత్థానమయ్యాక మొదటిసారి కనిపించినప్పుడు తోమా అక్కడ లేడు, తర్వాత మిగతావాళ్ల మాటా నమ్మలేదు, అయినా ఎనిమిది రోజుల తర్వాత అదే గదిలో అదే మనుషుల మధ్య ఉన్నాడు. అంటే వాళ్లు అతన్ని బయటికి పంపలేదు, నమ్మనివాడికి ఇక్కడేం పని అనలేదు. అతన్ని తమలో ఉండనిచ్చారు కాబట్టే ‘నా ప్రభూ! నా దేవా!’ అనే మాట అతని నోట వచ్చింది. ఆ తోమాయే క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చి, చివరికి మైలాపూరులో వేదసాక్షి అయ్యాడని (విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడని) మన సంప్రదాయం. మద్రాసు వెళ్లినప్పుడల్లా మనం మొక్కుకునే సమాధి ఆయనదే. ఆ రోజు తోమాను తలుపు బయట నిలబెట్టి ఉంటే మన దాకా ఎవరు వచ్చేవారు అని ఫాదర్ గారు అడిగి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. నవదినాల ఆఖరి రోజు ఇంటాయన నాకు రెండు వరసల ముందే కూర్చున్నాడు.

ఈ రోజుకున్న ప్రత్యేక ఫలం గురించి కూడా సరిగ్గా చెప్పారు. పాప సంకీర్తనం, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె), పోపు గారి ఉద్దేశాల కోసం ప్రార్థన, పాపం మీద మమకారం లేని మనసు, ఇవన్నీ ఉంటేనే పాపానికి రావలసిన శిక్ష నుంచి పూర్తి విడుదల అని 2002లో రోము (వాటికన్) ఇచ్చిన ఉత్తర్వు. దైవ కరుణ పటానికి మొక్కి, పువ్వులు పెట్టి, కానుక వేస్తే చాలనే ప్రచారం కొన్నిచోట్ల నడుస్తోంది, ఇక్కడ దాన్ని గట్టిగా ఖండించారు.

పూజ కాగానే యువత బైకులు బయల్దేరాయి. మంచాన పడ్డవాళ్ల పేర్లు వారం ముందే ఇళ్లకు తిరిగి రాసుకున్నారు. గురువులు ఒక్కొక్కరూ ఒక్కో బైకు మీద వెళ్లి వాళ్లకు ఇంట్లోనే సత్ప్రసాదం ఇచ్చారు. పిన్ని వాళ్ల పక్కింటి మామ్మకు పక్షవాతం. ఆ ఇంట్లో తెల్లవారుజామునే వాకిలి కడిగి ముగ్గేసి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రెండు కొవ్వొత్తులు పెట్టుకుని కూర్చున్నారు. ఫాదర్ గారు చదివిన ప్రార్థనకు మామ్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆయన తొందరపడలేదు, పెదవులు ఆగేదాకా చెయ్యి పట్టుకునే ఉన్నారు. బయట బైకు మీద కుర్రాడు ఇంకా ఐదిళ్లున్నాయి ఫాదర్ గారూ అన్నా సరే.

గుడి పక్క హాల్లో జ్ఞానోపదేశం పిల్లలు ఎగ్జిబిషన్ పెట్టారు, దైవ కరుణ భక్తి చరిత్ర మీద. చార్టులు పిల్లల చేతిరాతే, తప్పులు దిద్దిన గుర్తులతో సహా. ఈ భక్తికి మూలమైన సిస్టర్, పునీత ఫౌస్తీనా 1905లో పోలండ్‌లో పేద రైతు కుటుంబంలో పుట్టడం, 1931 ఫిబ్రవరి 22న ప్లోత్స్క్ మఠంలో ఆమెకు ప్రభువు దర్శనం, 1934లో విల్నియస్‌లో ఆ దర్శనం ఆధారంగా మొదటి చిత్రపటం తయారవడం, 33 ఏళ్లకే 1938లో ఆమె మరణం. ఆ తర్వాత చాలామందికి తెలియని భాగం: 1959 నుంచి 1978 దాకా ఆమె రాతల ఆధారంగా ఈ భక్తిని ప్రచారం చేయొద్దని రోము ఆపేసింది. ఆమె రాతలను మళ్లీ సరిగ్గా పరిశీలించేలా శ్రద్ధ తీసుకున్నది క్రాకోవ్ అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్‌గా) ఉన్న కరోల్ వొయ్తివా గారు. నిషేధం ఎత్తేసిన 1978లోనే ఆయన రెండవ జాన్ పాల్ పోపు గారయ్యారు, 2000 ఏప్రిల్ 30న ఆమెను పునీతురాలిగా ప్రకటించి పాస్కా రెండో ఆదివారాన్ని దైవ కరుణ ఆదివారం చేశారు. 2005 ఏప్రిల్ 2న ఆయన కన్ను మూసిందీ ఈ పండుగ ముందు రాత్రే. ఇదంతా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి కర్ర పట్టుకుని చార్టు మీద చూపిస్తూ చెప్పింది. అడిగిన ప్రశ్నకల్లా జవాబిచ్చింది, తెలియని ఒకదానికి జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి గారిని పిలిచింది.

తర్వాత నాటిక. ఫౌస్తీనా మఠంలో చేసిన పనులు వంట, తోటపని, గేటు దగ్గర కాపలా. ఒక వానరోజు చలికి వణుకుతూ చిరిగిన బట్టలతో ఒక కుర్రాడు గేటు దగ్గరికి వచ్చి వేడిగా తినడానికి ఏమైనా ఉందా అని అడిగితే, ఆమె వంటింట్లో వెతికి, కాస్త సూపు దొరికితే వేడి చేసి, అందులో రొట్టె తుంచి వేసి ఇచ్చింది, తిన్నాక అతను ప్రభువని తెలిసింది అని ఆమె డైరీలో ఉంటుంది. పిల్లలు అదే వేశారు. నటన సంగతి పక్కన పెడితే, ఆ కథ ఎంచుకున్నందుకు ఉపదేశి గారికి దండం పెట్టాలి. అటు నాటిక జరుగుతుంటే ఇటు గుడి వెనకాల పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది, వండుతున్న ఆడవాళ్లు గరిటెలతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడి చూశారు.

ఇక భోజనాలు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

దానికి కృతజ్ఞతా విందు అని పేరు పెట్టుకున్నారు. తపస్కాలం మొదలు పాస్కా దాకా విచారణ కోసం చెమటోడ్చినవాళ్లకు ధన్యవాదాలు చెప్పే భోజనం. మన పండుగల్లో మొదటి బంతి ఎవరికో తెలుసుగా: వచ్చిన గురువులకు, సిస్టర్లకు, దాతలకు, ఊరి పెద్దలకు. గుడి ఊడ్చేవాళ్లు, వండినవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు ఆఖరి బంతిలో తింటారు, అప్పటికి ముక్కలు అయిపోయి పులుసు మిగులుతుంది. ఇక్కడ మొదటి బంతి మొత్తం వాళ్లదే. గంట కొట్టే తాత, గుడి ఊడ్చే ఇద్దరమ్మలు, మట్టల ఆదివారానికి ఈతమట్టలు కోసుకొచ్చిన కుర్రాళ్లు, సమాధుల తోటలో ముళ్లకంప కొట్టి బాగుచేసినవాళ్లు, కరెంటు పని చేసినతను, రోజూ పువ్వులు కట్టిన అత్తమ్మలు, వాళ్లతోపాటు పొయ్యి దగ్గర నుంచి అప్పుడే లేచి ముఖం కడుక్కుని వచ్చిన వంటవాళ్లు. వడ్డించింది విచారణ పెద్దలు, గురువులు. ఫాదర్ గారు పప్పుచారు బకెట్ పట్టుకుని వరస వెంట నడిచారు.

మన విచారణల్లో కులం లేదని రాస్తే అది అబద్ధం అవుతుంది. ఒకే జ్ఞానస్నానం, ఒకే సత్ప్రసాదం, అయినా గుడిలో ఎవరు ఎటు కూర్చోవాలో, సమాధుల తోటలో ఎవరి వరస ఎక్కడో, తేరు ఏ వీధి దాకా వస్తుందో పేటల లెక్కన నడిచిన ఊళ్లు మనకు తెలుసు, ఇంకా ఉన్నాయి. 2022 ఆగస్టు 27న పూల అంతోని గారు కార్డినల్ (పోపు గారిని ఎన్నుకునే పెద్దల్లో ఒకరు) అయినప్పుడు తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్ అని మనమంతా ఆయన ఫోటోలు పంచుకున్నాం, నేనూ పంచుకున్నాను. ఆ గర్వం ఊళ్లో విస్తరి దగ్గర కూడా కనపడాలని అప్పటి నుంచీ నా మనసులో ఉంది. ఈ ఊళ్లో మొదటి బంతిలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది పేటవాళ్లు, వడ్డించినవాళ్లలో ఎక్కువమంది పెద్ద వీధివాళ్లు. ఒక పెద్దాయన, వయసులో డెబ్బై పైనే ఉంటారు, గుడి ఊడ్చే అమ్మ విస్తరిలో వంగి కూర వేస్తుంటే ఆమె సగం లేచి చాలయ్యా చాలయ్యా అంటోంది. ‘కూర్చోమ్మా, ఇవాళ నా వంతు’ అన్నారాయన. ఆమె తల వంచుకుని తినడం మొదలుపెట్టింది, ఆయన రెండో ముక్క కూడా వేసి ముందుకు కదిలారు. ఒప్పుకోనివాళ్లు కొందరు భోజనానికి రాలేదని కూడా విన్నాను. అది కూడా రాయాలి. మూడేళ్ల కిందట ఇది మొదలుపెట్టినప్పుడు ఇంకా ఎక్కువమంది రాలేదట.

ధన్యవాదాలు చెప్పిన తీరు కూడా గమనించాను. అందరికీ వందనాలు అని ఒక్క ముక్కలో తేల్చేయలేదు. ఉపదేశి గారు పుస్తకం తెరిచి పేరు చదవడం, ఆ మనిషి ఏం చేశారో చెప్పడం. పవిత్ర శుక్రవారం రాత్రి కరెంటు పోతే ట్రాక్టరు తెచ్చి గుడి వాకిట్లో లైట్లు వేసి నిలబెట్టినతను. జాగరణ రాత్రి వాంతులు చేసుకున్న పిల్లవాడి బట్టలు ఎవరూ అడగకుండానే ఉతికి ఆరేసినామె. ఆ మాట చదివినప్పుడు ఆమె భర్తకే ఆ సంగతి తెలియదని ఆయన ముఖంలో తెలిసిపోయింది. తాము చేసింది ఎవరో చూసి రాసి పెట్టుకున్నారని తెలియడం వాళ్లకు ఎంత పెద్ద విషయమో ఆ బంతిలో కూర్చున్న మనుషుల్ని చూస్తే అర్థమైంది. ఏ శాలువా ఆ పని చేయలేదు.

వంట గురించి కూడా చెప్పాలి కదా. కోడికూర అసలు గుంటూరు కారం, కొత్తకారం వేసినట్టున్నారు, రంగే చెప్తోంది. గోంగూర పచ్చడికి పూర్తి మార్కులు. వంకాయ కూర కొంచెం ఉడికిపోయి ముద్దయింది, పప్పుచారు బావుంది, పెరుగు పులవలేదు, ఆ ఎండల్లో అది గొప్పే. రవ్వ కేసరిలో తీపి మాత్రం ఎక్కువ. ఆఖరి బంతి దాకా కూర తగ్గలేదు, అడిగినవాళ్లకు మారు వడ్డించారు.

మూడు గంటలకు, ప్రభువు ప్రాణం విడిచిన ఘడియ అని, దైవ కరుణ జపమాల. మామూలు జపమాల పూసల మీదే చెప్తారు కాబట్టి కొత్తవాళ్లు కూడా రెండో పదికల్లా అందుకుంటారు. ఇక్కడ పాటగా పాడారు, మగవాళ్లు ఒక సగం, ఆడవాళ్లు ఒక సగం. ఆ తర్వాత ఆరాధన, ఆశీర్వాదం. పటం కింద ‘యేసువా, నీయందు నమ్మిక ఉంచుచున్నాను’ అనే మాట ముందు ఒక్కొక్కరూ వచ్చి తాము ఎవరిని క్షమించాలో మనసులో చెప్పుకుని వెళ్లమన్నారు, మైకులో సాక్ష్యాలు చెప్పించలేదు. ఇది నాకు బాగా నచ్చింది, క్షమాపణ లాంటిది అందరి ముందూ చెప్పమంటే మనుషులు గొప్ప కోసం చెప్తారు.

ఇప్పుడు ఆ అర మార్కు. అద్దెకు తెచ్చిన సౌండ్ సెట్ పూజ మధ్యలో కీచుమంటూనే ఉంది, రెండో పఠనం వెనక కూర్చున్నవాళ్లకు ఒక్క ముక్క వినపడలేదు. మూడు గంటల ప్రార్థనకు వేసిన టెంటు చిన్నది, పిల్లలతో ఉన్న తల్లులు ఎండలో నిలబడ్డారు, రెండు కూలర్లు గురువుల వైపే తిప్పి ఉన్నాయి, వాటిలో ఒకటైనా ఇటు తిప్పాల్సింది. ఆడవాళ్లకు బాత్రూములు చాలలేదు, ఇంత జనం వస్తారని తెలిసినప్పుడు ఇది మొదట చూసుకోవాల్సిన విషయం. స్టాల్లో అమ్మిన కరుణామూర్తి పటాల ప్రింటు పేలవంగా ఉంది, ప్రభువు గుండె నుంచి వచ్చే రెండు కిరణాల్లో ఒకటి రక్తానికి గుర్తుగా ఎరుపు, ఇంకోటి నీటికి గుర్తుగా లేత తెలుపు, ఇందులో రెండూ గులాబీ రంగులో కలిసిపోయాయి. ఆ తేడాలోనే పటం అర్థమంతా ఉంది, ఇంటికి కొనుక్కెళ్లేవాళ్లకు సరైనది ఇవ్వాలి. భోజనాల తర్వాత బయటినుంచి వచ్చిన అతిథుల ఉపన్యాసాలు కూడా అనవసరం, అంత మంచి విందు తర్వాత వాటి అవసరమే లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు: శనివారం సాయంత్రానికే చేరుకోండి, పాప సంకీర్తనానికి తీరిక ఆదివారం దొరకదు. గొడుగు, నీళ్ల సీసా తప్పనిసరి. బస్సు దిగాక లోపలికి షేర్ ఆటోలు ఉంటాయి, చీకటి పడితే తగ్గిపోతాయి. బంధువులు లేనివాళ్లకు స్కూలు గదుల్లో పడుకోవడానికి చాపలు ఇస్తారు, డబ్బు తీసుకోరు.

మీ విచారణ కౌన్సిల్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2027లో పాస్కా మార్చి 28న, దైవ కరుణ ఆదివారం ఏప్రిల్ 4న వస్తున్నాయి, అంటే ఈసారికంటే ఎండ కాస్త తక్కువ ఉంటుంది. ఈ ఊరి ఉపదేశి గారు ధన్యవాదాల పుస్తకాన్ని తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచే రాయడం మొదలుపెడతారట, పని జరిగిన రోజే రాసేస్తారు, లేకపోతే పండుగ హడావుడిలో చిన్నవాళ్ల పేర్లే ముందు మర్చిపోతాం అన్నారు. ఒక రెండొందల పేజీల నోటు పుస్తకం, అది రాసే ఓపిక ఉన్న మనిషి ఒకరు, ఈ రెండూ ఇప్పుడే చూసి పెట్టుకోండి.